శాలువా కంటే ముందు ఆమె ఇల్లు చూడండి

తుపానులో పేషెంట్లను చూసుకున్న ఆశా, ఏఎన్ఎం, 108 సిబ్బందికి మీ ఊళ్లో సన్మానం ఎలా చేస్తే బాగుంటుందని అడిగారు. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మా దగ్గర జరిగింది చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీద పడింది. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలకూలి ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారి కనబడదు. మా అమ్మ కిడ్నీ పేషెంటు, మర్నాడే డయాలసిస్. ఎలా తీసుకెళ్లాలో తెలియక ఒకటే టెన్షన్.

ఆ మధ్యాహ్నం మా ఆశా అక్క పడిన చెట్లు దాటుకుంటూ నడిచొచ్చింది. బోర్లు పనిచేయక అందరం రాలిన కొబ్బరికాయలే కొట్టుకు తాగుతున్నాం. అమ్మ చేతిలోనూ ఓ బొండం ఉంది. అక్క అది లాక్కుని, "పిన్నీ, నువ్వు మాత్రం ఇవి తాగకు" అంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ తప్పినప్పుడు అది ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మా ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఎవరికి ఏ రోజు డయాలసిస్సో ఆమె చిన్న పుస్తకంలో రాసుకుంది. ఇల్లిల్లూ తిరిగి ఇదే చెప్పింది. రెండు రోజులకు దారి తెరుచుకుంటే, ముందు ఎవరిని పంపాలో చెప్పిందీ ఆమే.

సంక్రాంతికి సన్మానం పెట్టాం. పెద్దల ప్రసంగాలకే రెండు గంటలు పట్టింది. అక్కకు శాలువా కప్పి, ఫొటో తీసి పంపేశాం. తర్వాత ఓ పని మీద వాళ్లింటికి వెళ్తే పైకప్పు మీద టార్పాలిన్ కనిపించింది. తుపాను రాత్రే రేకులు ఎగిరిపోయాయట. పిల్లల్ని పక్కింట్లో వదిలి ఆ రోజు మా ఇంటికి వచ్చిందట. మూడు నెలలైనా మాలో ఒక్కరూ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. కుర్రాళ్లం చందాలు వేసుకుని వారంలో రేకులు వేయించాం.

అందుకే ముందు ఇంటికి వెళ్లి ఏం పోయిందో, ఏం కావాలో అడగండి. సభలో మైకు పేషెంట్లకు ఇవ్వండి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని 10 లక్షల మందికి పైగా ఆశాలకు కలిపి అవార్డు ఇచ్చింది, చాలా సంతోషం. ఆ కొబ్బరిబొండం సంగతి మాత్రం మా అమ్మే చెప్పాలి.

తేదీ కోసం చూస్తుంటే ఆగస్టు 19 ప్రపంచ మానవతా దినోత్సవం. 2003లో అదే రోజున బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి ఆఫీసు మీద బాంబు దాడి జరిగి 22 మంది చనిపోయారు, వాళ్ల గుర్తుగానే ఈ దినోత్సవం. ఆ రోజు మీ వాళ్లకు డయాలసిస్ ఉంటే మాత్రం ఇంకో రోజు పెట్టుకోండి.