వెన్న 4.2 శాతమా, 4.199999809 శాతమా?

ప్రశ్న: పలమనేరు దగ్గర పాల కేంద్రం నడుపుతున్నాను సార్. పాలు పరీక్షించే మిషన్ స్క్రీన్ మీద వెన్న 4.2, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాలు) 8.5 అని చూపిస్తుంది. అదే రికార్డును కంప్యూటర్లో తెరిస్తే ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 గానే ఉంది, వెన్న మాత్రం 4.199999809265137 అని వస్తోంది. సెన్సర్ పాడైందా? లేక మిషన్ నిజంగానే అంత సూక్ష్మంగా కొలుస్తోందా?

జవాబు: రెండూ కాదు, మెకానిక్‌ను పిలవకండి. మిషన్ కొలిచింది 4.2 మాత్రమే. వెనకున్న తోకంతా ఆ అంకెను దాచిన పద్ధతి వల్ల వచ్చింది. కంప్యూటర్ భిన్నాలను అర, పావు, అరపావు, వీసం, ఇలా సగానికి సగం చేసిన ముక్కలతోనే కూర్చగలదు. 8.5కి ఒక అర చాలు, అందుకే తోక లేదు. 4.2లోని ఆ 0.2ను ఎన్ని ముక్కలు పేర్చినా సరిగ్గా పూడ్చలేం. ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4 వచ్చిన రోజు చూడండి, అదీ 8.399999618530273 అని కనిపిస్తుంది.

మీ మిషన్ 32 బిట్ల ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యను 32 సున్నా-ఒకట్ల గడుల్లో దాచే పద్ధతిలో, రాస్తోందని కూడా ఆ తోకే చెబుతోంది. కంప్యూటర్లు సంఖ్యలను ఎలా దాచాలో చెప్పే, 1985లో వచ్చిన ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణం ప్రకారం అందులో అంకెలకు దక్కేది 24 బిట్లు, అంటే సుమారు 7 అంకెలు. మీ కంప్యూటర్ దాన్ని అంకెలకు 53 బిట్లుండే డబుల్ అనే పెద్ద గడిలోకి తీసుకుని 16 అంకెలు చూపించింది. 7 అంకెలకు రౌండ్ చేస్తే మళ్లీ 4.200000 వచ్చేస్తుంది.

మీరు అడగలేదు గానీ, నాకు అసలు టెన్షన్ రేటు చార్ట్ గురించే. ‘వెన్న 4.2 లేదా ఆపైన ఉంటే ఈ రేటు’ అని ప్రోగ్రాంలో రాసుంటే, 4.199999809 దానికంటే తక్కువే. పాపం, రైతు ఒక మెట్టు కిందికి పోతాడు. 4.3 పోసినవాళ్లకు ఏమీ కాదు, ఎందుకంటే అది 4.300000190734863గా, కాస్త ఎక్కువగా నిలుస్తుంది. నష్టం కొందరికే, కొన్ని పూటలే తగులుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పోల్చే ముందే ఒక దశాంశానికి రౌండ్ చేయించండి. ఇంకా మంచిది, వెన్న 4.2ను పదింతలు చేసి 42 అని, డబ్బును పైసల్లో, పూర్ణ సంఖ్యలుగానే ఉంచడం.

మిషన్ ఎదురుగా లేకుండా ఫైలు మాత్రమే చేతికొస్తే కచ్చితత్వం ఎలా తేల్చాలి? ఒక్క అంకెను చూసి చెప్పలేం. 4.2, 4.20 రెండూ లోపల ఒకే విలువ, చివరి సున్నా ఎక్కడా మిగలదు. కాలమ్ మొత్తాన్ని 7 అంకెలకు రౌండ్ చేసి, వరుసలో పెట్టి, పక్కపక్క విలువల మధ్య తేడా చూడండి. అన్నీ 0.1 మెట్లలోనే ఉంటే కొలత ఒక దశాంశానిదే. అయితే మెట్టు చిన్నదైనంత మాత్రాన కొలత నిజమని కాదు. క్యాలిబ్రేషన్ తప్పిన మిషన్ కూడా ముద్దుగా 0.1 మెట్లే వేస్తుంది. సగటులైతే మరీ మోసం: 4.2, 4.3, 4.5ల సగటు 4.333333 అని వస్తే, ఆ మూడులన్నీ భాగహారం ఇచ్చినవే, పాలలోవి కావు.

ప్రశ్న: చంద్రగిరి దగ్గర మా చేను గట్టు వెంట నడిచి జీపీఎస్ పాయింట్లు తీసుకున్నాం. మ్యాప్‌లో బాగా పెద్దది చేసి చూస్తే అన్నీ ఉత్తర దక్షిణంగా నిలువు గీతల మీదే ఉన్నాయి. ఎందుకు?

జవాబు: మీ యాప్ కూడా 32 బిట్ల ఫ్లోటే వాడుతున్నట్టుంది. సంఖ్య పెద్దదయ్యే కొద్దీ ఫ్లోట్‌లో విలువల మధ్య ఎడం పెరుగుతుంది. మన అక్షాంశం 13 దాటి ఉంటుంది, అక్కడ ఎడం నేల మీద సుమారు 10 సెంటీమీటర్లు. రేఖాంశం 79 కదా, అక్కడ దాదాపు 82 సెంటీమీటర్లు. రేఖాంశంలోని ఆ పెద్ద ఖాళీయే మీకు నిలువు గీతల్లా కనిపిస్తోంది. ఫోన్ జీపీఎస్ ఎలాగూ కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది కాబట్టి ఇది పెద్ద నష్టమేమీ కాదు. కానీ ఈ ఫైలు పట్టుకుని గట్టు తగాదాకు మాత్రం వెళ్లకండి. యాప్‌లో డబుల్ ఎంచుకునే వీలుంటే ఇకపై తీసే పాయింట్లు బాగుంటాయి, పాతవి బాగుపడవు.

ప్రశ్న: తిరుపతిలో మా సంఘం సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్సెల్‌లో కొడితే కొన్నింటికి చివర సున్నా వస్తోంది.

జవాబు: ఎక్సెల్ 15 అంకెల వరకే పట్టుకుంటుంది, 16వది నుంచి సున్నాలు వేసేస్తుంది. నంబర్ మొదట్లో సున్నా ఉంటే అదీ మింగేస్తుంది. కొట్టే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చండి. ఇప్పటికే పోయిన అంకెలు ఫార్మాట్ మార్చినా తిరిగి రావు, పాస్‌బుక్ చూసి మళ్లీ కొట్టుకోవాల్సిందే.