చర్చి ఫారం మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: అన్నా, ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. నేను వెళ్తున్న చర్చిలో సభ్యత్వం తీసుకోమంటున్నారు. రెండు పేజీల విశ్వాస ప్రమాణం ఇచ్చి, చదివి సంతకం పెట్టమన్నారు. మాది క్రైస్తవ కుటుంబమే, అయినా టెన్షన్‌గా ఉంది. ఈ ఇవాంజెలికల్ అనేది వేరే శాఖా?

జవాబు: శాఖ కాదు తమ్ముడూ. బాప్టిస్టుల్లో, మెథడిస్టుల్లో, ఆంగ్లికన్లలో, పెంతెకొస్తు వాళ్లలో, ఏ శాఖా చెప్పుకోని చర్చిల్లో కూడా ఇవాంజెలికల్ విశ్వాసులు ఉంటారు. సువార్త అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి ఈ పేరు వచ్చింది. బోర్డు చూసి మాత్రం ఏదీ తేల్చుకోకు. జర్మనీలో ‘ఎవాంగెలిష్’ అని రాసుంటే ప్రొటెస్టెంట్ అని అర్థం, అంతే. నువ్వు అడిగే అర్థానికి వాళ్లు ‘ఎవాంగెలికాల్’ అని ఇంకో మాట వాడతారు.

నీ చేతిలో ఉన్న కాగితంలో సగం నీకు తెలిసిందే. దేవుడొక్కడే, తండ్రి కుమార పరిశుద్ధాత్మలుగా ఉన్నాడు. యేసు పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. సిలువ మీద చనిపోయి, మూడో రోజు శరీరంతో లేచాడు, మళ్లీ వస్తాడు. త్రిత్వం గురించి, క్రీస్తు స్వభావాల గురించి వాడే మాటలు 325 నాటి నికయా సభ (చర్చి పెద్దల సమావేశం) నుంచి 451 నాటి చాల్సెడన్ సభ వరకు కుదురుకున్నవి. కేథలిక్కులూ వీటిని ఒప్పుకుంటారు.

ఇవాంజెలికల్ ముద్ర మిగతా సగంలో కనిపిస్తుంది. 1989లో డేవిడ్ బెబింగ్టన్ అనే చరిత్రకారుడు దానికి నాలుగు గుర్తులు చెప్పాడు: బైబిలుదే చివరి మాట, సిలువే కేంద్రం, ప్రతి మనిషికీ మారుమనస్సు (పాపం వదిలి దేవుడి వైపు తిరగడం) కావాలి, నమ్మినవాడు సువార్త పనిలో ఉండాలి. సిలువ అంటే ఇక్కడ ప్రేమకు గుర్తు మాత్రమే కాదు. మన పాపానికి రావలసిన శిక్షను క్రీస్తు మన బదులు భరించాడని వీళ్లు నమ్ముతారు. అందుకే బైబిల్లో ఎఫెసీ పత్రిక 2:8లో ఉన్న ‘కృపచేతనే’ అన్న మాట అంత తరచుగా వినిపిస్తుంది. మంచి పనులు రక్షణకు ఫలితమే గాని, దానికి కట్టే వెల కాదు.

మనలాంటి వాళ్లు తడబడేది మారుమనస్సు దగ్గర. కొత్తలో ఒక ప్రార్థన కూడికలో ఒకాయన నన్ను “మీరెప్పుడు రక్షించబడ్డారు?” అని అడిగారు. బాప్తిస్మం తేదీ చెప్పాను. ఆయన నవ్వి, మళ్లీ అదే ప్రశ్న అడిగాడు! నా క్రైస్తవత్వాన్నే అనుమానిస్తున్నాడని ఆ రాత్రంతా కోపంగా ఉంది. తర్వాత అర్థమైంది, వాళ్ల లెక్కలో విశ్వాసం వారసత్వంగా రాదు. యోహాను మూడో అధ్యాయంలో క్రొత్తగా జన్మించాలని యేసు చెప్పింది నీకొదేముకు, అంటే మతంలో పండిపోయిన పెద్దమనిషికి. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ, ఆంగ్లికన్ చర్చిలో గురువుగా (పాదిరిగా) అభిషేకం పొందిన దాదాపు పదేళ్లకు, 1738 మే 24న, లండన్‌లో ఒక కూడికలో తన గుండె వింతగా వెచ్చబడిందని, క్రీస్తునే నమ్ముకున్నానని రాసుకున్నాడు. అయితే అందరికీ ఇలా తేదీ ఉండాలని కాదు. ఎప్పుడు మొదలైందో తెలియకపోయినా, ఈ రోజు నేను క్రీస్తునే నమ్ముకున్నానని చెప్పగలిగితే చాలంటారు బుద్ధిగల పాస్టర్లు. నువ్వూ ఉన్నది ఉన్నట్టు చెప్పు, సాక్ష్యం కోసం కథ అల్లకు.

ముందుగా నిర్ణయించబడటం (ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడా అన్నది), ఆత్మ వరంగా తెలియని భాషలు మాట్లాడటం, క్రీస్తు వెయ్యేళ్ల పాలన, స్త్రీలు పాస్టర్లు కావచ్చా, ఇలాంటివాటి మీద వీళ్లలో వీళ్లకే పడదు. ముందు నిర్ణయం విషయంలో వెస్లీకి, ఆయన తోటి ప్రసంగీకుడు జార్జ్ వైట్‌ఫీల్డ్‌కి గట్టి గొడవే జరిగింది. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ పోయినప్పుడు లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. నమ్మితే డబ్బు, ఆరోగ్యం గ్యారంటీ అని ఎవరైనా బోధిస్తే అది ఈ కాగితంలో ఉందేమో చూడు. నాకెక్కడా కనిపించలేదు.

బైబిలు గురించిన వాక్యం మాత్రం నెమ్మదిగా చదువు. కొన్ని చర్చిలు విశ్వాసం, నడవడి విషయాల్లో అది తప్పుదారి పట్టించదని రాస్తాయి. కొన్ని చరిత్ర, సృష్టి విషయాల్లో కూడా తప్పులేదంటాయి. రెండూ ఒకటి కావు. నీకు పసితనంలో బాప్తిస్మం ఇచ్చి ఉంటే, సభ్యత్వం కోసం మళ్లీ ముంచుతారా అని పాస్టర్‌ని ముందే అడుగు. బాప్టిస్టు పద్ధతి చర్చి అయితే చాలావరకు అవుననే అంటారు.