సాగర్ చేపల పులుసు మట్టి వాసన, నాగార్జునకొండ లాంచీ: సమాధానం

అన్నా, సాగర్‌లో కొన్న బొచ్చె చేప పులుసు మట్టి వాసన వచ్చిందని, ముక్కలు విరిగాయని రాశారు, నాగార్జునకొండకు లాంచీలో ఎప్పుడు వెళ్లాలనీ అడిగారు. వాసన ఎక్కువగా తోలు, కొవ్వు, కడుపులోని నల్లపొరలో ఉంటుంది. పొర పూర్తిగా గీకేయండి, అసలు కిటుకు ఇదే. కిలో ముక్కలకు రెండు చెంచాల ఉప్పు, అర చెంచా పసుపు, ఒక నిమ్మకాయ రసం పట్టించి, పావుగంటకు కడగండి. పులుపు ఆ వాసనను విరిచేస్తుంది.

చింతపండు పులుసు బాగా మరిగి చిక్కబడ్డాకే ముక్కలు వేయాలి. సన్నసెగ మీద పది, పన్నెండు నిమిషాలు చాలు. గంటె పెట్టొద్దు, గిన్నెనే పట్టుకుని తిప్పండి. చేప కండ మెత్తన, ఎక్కువ ఉడికితే విడిపోతుంది. దించాక రెండు గంటలు ఆగితే ముక్కకు పులుపు పడుతుంది.

ఇక సాగర్ జలాశయంలోని దీవి నాగార్జునకొండకు శుక్రవారం వద్దు, అక్కడి మ్యూజియానికి ఆ రోజు సెలవు. పొద్దున లాంచీకే వెళ్లి, చేపలు తిరుగు ప్రయాణంలో, ఐసు పెట్టెలో తీసుకోండి.