బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ తప్పు చేశారని తేలితే ఆ బాప్తిస్మం చెల్లుతుందా? నా అనుభవం

మీరు అడిగినవి మూడు. మీకు బాప్తిస్మం ఇచ్చిన పాస్టర్ గారి తప్పు బయటపడింది కాబట్టి ఆ బాప్తిస్మం చెల్లుతుందా? అలాంటి నాయకుల అధికారానికి ఇంకా లోబడాలా? మనలో మిగిలిపోయిన మలినం ఈ జీవితంలోనే పోవాలా, చనిపోయాక కూడా శుద్ధి ఉంటుందా? నేను వేదాంతం చదువుకున్నదాన్ని కాదు. మొదటి రెండూ నా నెత్తిన పడ్డ ప్రశ్నలే కాబట్టి రాస్తున్నాను.

మా సంఘంలో ఆరేళ్లు కానుకల లెక్క చూశాను. ఆరాధన అయ్యాక వెనక గదిలో ఇద్దరం కూర్చుని నోట్లు విడదీసి, కట్టలు కట్టి, పుస్తకంలో రాసి ఇద్దరం సంతకం పెట్టేవాళ్లం. మందిర నిర్మాణం డబ్బు మాత్రం వేరే ఖాతా. దాని పాస్‌బుక్ పాస్టర్ గారి దగ్గరే ఉండేది. మూడు నెలలకోసారి ఆయన ఒక కాగితం తెచ్చి అడుగున మొత్తం చూపించేవారు. నేను సంతకం పెట్టేదాన్ని. పాస్‌బుక్ చూపించమని ఒక్కసారీ అడగలేదు. అడిగితే అవిశ్వాసం అనుకుంటారేమోనని భయం. పైకప్పు పని మొదలుపెట్టాక డబ్బు తీయబోతే ఖాతాలో దాదాపు ఏమీ లేదు. సొంత అప్పులకు వాడుకున్నానని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆ రాత్రి బీరువాలోంచి బాప్తిస్మ పత్రం తీసి చూశాను. కింద ఆయన సంతకం, చివర సాగదీసిన గీత. నిర్మాణ నిధి కాగితాల మీదా అదే గీత. నన్ను నీళ్లలో ముంచిన చేయి కూడా అదే కదా అనిపించి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఈ బాధ 1,700 ఏళ్ల నాటిది. 303లో రోమా చక్రవర్తి డయోక్లీషియన్ హింస మొదలుపెట్టినప్పుడు లేఖనాలను అప్పగించమని క్రైస్తవులను ఒత్తిడి చేశారు. ప్రాణభయంతో కొందరు బిషప్పులు అప్పగించేశారు. తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో కొత్త బిషప్ నియామకం దగ్గర గొడవ రేగింది. ఆయన్ను అభిషేకించినవాడు లేఖనాలు అప్పగించినవాడేనని, ఆ చేతుల అభిషేకం చెల్లదని ఒక వర్గం విడిపోయింది. వాళ్లే డొనాటిస్టులు. తమ దగ్గరికి వచ్చినవాళ్లకు మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారు. 314లో ఆర్ల్ సభ వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు చెప్పినా ఆ చీలిక వంద ఏళ్లు దాటినా మానలేదు. వాళ్లకు జవాబు చెప్పినవాళ్లలో ముఖ్యుడు ఉత్తర ఆఫ్రికాలోనే బిషప్‌గా ఉన్న అగస్టీన్. రాతి కాలువలో నీళ్లు పారి మళ్లలోకి వెళ్తాయి, కాలువలో ఏదీ మొలవదు గానీ మళ్లు మాత్రం పండుతాయి అన్నాడాయన. బాప్తిస్మం ఇచ్చేది క్రీస్తు, మనిషి కాలువ మాత్రమే. నాకు ఆ రాత్రి కావలసింది ఆ మాటే. మీ మొదటి ప్రశ్నకు కూడా నా జవాబు అదే: మీ బాప్తిస్మం మీదే, దాన్ని ఎవరి తప్పూ తీసేయలేదు. (అదే అగస్టీన్ తర్వాత డొనాటిస్టుల మీద ప్రభుత్వ బలప్రయోగాన్ని సమర్థించాడు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.)

అయితే నన్ను ఓదార్చిన ఆ మాటనే మా పెద్దల్లో ఇద్దరు ఇంకోలా వాడారు. "పాత్ర ఎలా ఉన్నా అభిషేకం దేవునిది కదమ్మా, అభిషిక్తుని మీద చెయ్యి వేయకూడదు, లెక్కల సంగతి బయట ఎత్తకు" అన్నారు. తనను చంపాలని తరుముతున్న సౌలు రాజును కూడా దావీదు ముట్టలేదని గుర్తు చేశారు. ఇంటికొచ్చి మొదటి సమూయేలు 24వ అధ్యాయం తెరిచాను. దావీదు సౌలును చంపలేదు, నిజమే. మరి కోసిన అంగీ ముక్క చేత పట్టుకుని, నీవు నాకు అన్యాయం చేస్తున్నావని రాజు ముఖం మీదే చెప్పాడు కదా! పౌలైతే అంతియొకయలో పేతురునే అందరి ఎదుట నిలదీశాడు, గలతీ రెండో అధ్యాయం చూడండి. పెద్ద మీద ఆరోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలన్న అదే మొదటి తిమోతి 5వ అధ్యాయం, ఆ వెంటనే పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమంటుంది. 1571 నాటి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ సంఘం) 39 విశ్వాస సూత్రాల్లో 26వది కూడా రెండూ కలిపే చెబుతుంది: పనివాడి చెడుతనం సంస్కారాన్ని (బాప్తిస్మం, ప్రభువు బల్ల లాంటివాటిని) చెరపదు, అయినా అలాంటివాణ్ణి విచారించి, తప్పు రుజువైతే పదవి నుంచి తీసేయాలి.

కాబట్టి లోబడడం అంటే నోరు మూసుకోవడం అని నేను ఒప్పుకోను. కాలువ గురించి చెప్పింది మళ్లకు ధైర్యం ఇవ్వడానికి, కాలువకు పూడిక తీయకుండా వదిలేయడానికి కాదు. నేను పుస్తకాలు పట్టుకుని సర్వసభ్య సమావేశంలో నిలబడ్డాను. నా సంతకాలు కూడా చూపించాను, చూడకుండా పెట్టానని చెప్పాను. చేతులు వణికాయి. ఆయన ఆ నెలలోనే బాధ్యతల నుంచి తప్పుకున్నారు.

సంఘం పరిశుద్ధమైనదైతే ఇవన్నీ ఎందుకు జరుగుతాయి అంటారా? ఇందులో ప్రొటెస్టెంట్లు, కథోలికులు అనే రెండు పక్షాలూ మనం అనుకున్నంత దూరంగా లేవు. ప్రొటెస్టెంట్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం భూమ్మీద అతి శుద్ధమైన సంఘాల్లో కూడా కల్తీ, పొరపాటు ఉంటాయని ఒప్పుకుంటుంది. 1964లో కథోలికుల రెండవ వాటికన్ మహాసభ శ్రీసభ (సంఘం) పవిత్రమైనదే, అయినా ఎప్పుడూ శుద్ధి కావలసినదే అని రాసింది.

ఇక మూడో ప్రశ్న. మా వదిన కథోలికురాలు. ఉత్తరించు స్థలం, అంటే చనిపోయాక ఆత్మలు శుద్ధి అవుతాయని కథోలికులు నమ్మే చోటు గురించి మా ఇద్దరికీ ఏళ్ల తరబడి వాదన. ఆమె మొదటి కొరింథీ మూడో అధ్యాయం చూపిస్తారు: పని కాలిపోయినవాడికి నష్టం కలుగుతుంది, తాను మాత్రం అగ్నిలోంచి తప్పించుకున్నట్టు రక్షింపబడతాడు. అక్కడ పరీక్షకు నిలిచేది పని, మనిషి కాదు అంటాను నేను. 1517లో ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ తిరగబడింది పాపపరిహార పత్రాల (పాపాల శిక్ష తగ్గుతుందని చెప్పి ఇచ్చే పత్రాల) అమ్మకం మీద, అప్పటికి ఆయన ఉత్తరించు స్థలాన్ని కాదనలేదు. 1563లో కథోలికుల ట్రెంట్ మహాసభ అలాంటి స్థలం ఉందనీ, అక్కడి ఆత్మలకు విశ్వాసుల ప్రార్థనలు, దివ్యబలిపూజ సాయపడతాయనీ చెప్పి, దాని పేరిట డబ్బు యావను నిషేధించమని బిషప్పులను ఆదేశించింది. చనిపోయాక శుద్ధి జరిగే స్థలం ఉందని నేను ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను. క్రీస్తు రక్తం చాలు అన్నదే నా ధైర్యం.

కానీ మా సంఘంలో ఇదంతా జరిగాక ఆ కొరింథీ అధ్యాయం మొదటినుంచి చదివితే, ఇన్నాళ్లూ దాటేసిన సంగతి ఒకటి కనిపించింది. పౌలు అక్కడ మాట్లాడుతున్నది నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి అని కొట్టుకుంటున్న సంఘంతో. అగ్ని పరీక్షించేది పునాది మీద కట్టేవాళ్ల పనిని. అంటే ముందు బోధకుల పనిని, పెద్దల పనిని, లెక్కలు రాసేవాళ్ల పనిని. వదినకు చెబితే, "నేనూ ఇలా చూడలేదు" అన్నారు.

ఆ పాస్టర్ గారు సంఘం విడిచి పోలేదు. క్షమాపణ అడిగారు, నెలనెలా కొంత తిరిగి కడుతున్నారు. ఇప్పుడు చివరి వరుసలో కూర్చుంటారు. పోయిన నెల ప్రభువు బల్లలో రొట్టె పళ్లెం నా చేతి నుంచే ఆయన చేతికి వెళ్లింది. ఆయన తల ఎత్తలేదు. ఆయన ముఖంలోకి నేనూ చూడలేకపోయాను. క్షమించానని ప్రార్థనలో చాలాసార్లే చెప్పాను, అయినా పళ్లెం అందించేటప్పుడు నా వేళ్లు బిగుసుకున్నాయి.