గడియ తీసేసిన తలుపు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నేను టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. మా అమ్మాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. ఏడాదిగా స్కూలు నుంచి రాగానే గదిలోకి వెళ్లి గడియ వేసుకుంటోంది. నెల క్రితం మావారు కోపం పట్టలేక స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గడియ ఊడదీసేశారు. అప్పటి నుంచి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుంటోంది, మాతో మాటలు తగ్గించేసింది. మొన్న భయమేసి తన డైరీ చదివాను. క్లాసులో ఒక అబ్బాయి ఇష్టమని రాసుకుంది. ‘ఈ ఇంట్లో నాది అంటూ ఏదీ లేదు’ అని కూడా ఉంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ తన దగ్గరే. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాడు. వాడూ తలుపు వేసుకునేవాడు గానీ మేం పట్టించుకోలేదు. ‘మా కాలంలో ఆడపిల్లలకి గదులెక్కడివి’ అంటారు మా అత్తగారు. ఈ వయసు పిల్లల్ని ఎంతవరకు వదలాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ గడియ మళ్లీ పెట్టించండి. ఊడదీసిన ఆయనే బిగిస్తే మంచిది, అదీ అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు. గడియ ఉన్నచోట స్క్రూల చిల్లులు మిగిలి ఉంటాయి కదా, నెల రోజులుగా ఆ పిల్ల స్కూలు డ్రెస్ మార్చుకునేటప్పుడల్లా వాటిని చూస్తోంది. పదిహేనేళ్ల ఆడపిల్ల కుర్చీ అడ్డం పెట్టుకుని బట్టలు మార్చుకోవాల్సి రావడం చిన్న విషయం కాదు. లోపల ఏమైనా అయితే ఎలా అన్న భయం మీకుంటే, బయటి నుంచి నాణెంతో తిప్పి తీయగలిగే లాక్‌లు దొరుకుతాయి, అది పెట్టించండి. అలా తీయొచ్చని తనకూ చెప్పండి. దాచి పెట్టొద్దు. ఇక మీరు, మీవారు, అత్తగారు, ఎవరైనా సరే తలుపు తట్టి, ‘రా’ అన్నాకే లోపలికి వెళ్లండి.

అత్తగారు చెప్పింది నిజమే, అప్పట్లో గదులు లేవు. మేం ఏడుగురం రెండు గదుల ఇంట్లో పెరిగాం. నాకు మంచం కింద ఒక ట్రంకు పెట్టె ఉండేది. దాని తాళం చెవి నల్లదారానికి కట్టి మెడలో వేసుకునేదాన్ని. లోపల ఉన్నవేమిటంటే రిబ్బన్లు, స్నేహితురాలు రాసిన రెండు ఉత్తరాలు, ఎండిపోయిన మొగలిరేకు. మా అమ్మ ఊడుస్తున్నప్పుడు ఆ పెట్టె పక్కకి జరిపి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది. ఒక్కనాడూ తాళం చెవి అడగలేదు. సాయంత్రమైతే చెరువు గట్టు, డాబా, పక్కవీధిలో స్నేహితురాలి ఇల్లు. దీపాలు పెట్టే వేళ దాకా ఎక్కడున్నామో పెద్దవాళ్లకి సగం రోజులు తెలిసేదే కాదు. మరి మీ అమ్మాయికి? పొద్దున్న స్కూలు, ఆ తర్వాత స్టడీ అవర్, ట్యూషన్, మళ్లీ ఇల్లు. పెద్దల కన్ను పడని చోటు తనకి ఆ గది ఒక్కటే. అత్తగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పి చూడండి. ఆవిడ చిన్నప్పటి డాబా, చెరువు గట్టు ఆవిడకీ గుర్తొస్తాయి.

తలుపు విషయంలో ఎంత వదలమంటున్నానో ఫోన్ విషయంలో అంత గట్టిగా ఉండమంటాను. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతోంది. గడియ మీద యుద్ధం జరుగుతుంది, ఫోన్ మాత్రం అర్ధరాత్రి దాకా దిండు కింద ఉంటుంది. గది తలుపు తెరిస్తే వచ్చేది మీ హాలు. ఫోన్ తెరిస్తే వచ్చేది వీధి, అందులో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు కూడా ఉంటారు. పైగా నిద్ర. ఈ వయసులో ఒంట్లో మార్పుల వల్ల నిద్రొచ్చే వేళే సహజంగా ఆలస్యమవుతుంది, కావాల్సిన నిద్ర మాత్రం 8 నుంచి 10 గంటలు. పన్నెండు దాటాక పడుకుని పొద్దున్నే స్కూలుకి లేచే పిల్ల చిరాగ్గా ఉందంటే అందులో మీ మీద కోపం ఎంతో, నిద్ర చాలకపోవడం ఎంతో చెప్పలేం. అందుకని రాత్రి పదిన్నరకి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి పెట్టాలి. మీదీ, మీవారిదీ కూడా. మీ ఫోన్లు మీ మంచం పక్కనే ఉంటే ఆ నియమం రెండు రోజులు కూడా నిలవదు.

తనకి తెలియకుండా ఫోన్‌లో నిఘా యాప్‌లు పెట్టకండి. ఏదైనా పెట్టాలనుకుంటే కూర్చోబెట్టి, ఏం కనిపిస్తుందో చూపించి పెట్టండి. స్టాటిన్, కెర్ అనే ఇద్దరు పరిశోధకులు స్వీడన్‌లో 14 ఏళ్ల పిల్లలు 703 మందినీ వాళ్ల తల్లిదండ్రులనూ అడిగి, 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లల సంగతులు బాగా తెలిసిన తల్లిదండ్రులకి అవి ఎక్కువగా తెలిసింది నిఘా వల్ల కాదు, పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పడం వల్ల. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో నేను చూస్తున్నదీ అదే.

ఇక డైరీ. కష్టమైన పని ఇదే. మీరు చదివారని తనకి చెప్పాలి. ‘నీ డైరీ చదివాను. భయమేసి చదివాను, అయినా తప్పే. ఇంకెప్పుడూ ముట్టుకోను’ అని చెప్పి ఆపేయండి. ఆ అబ్బాయి సంగతి ఎత్తకండి. తను ఏడవొచ్చు, అరవొచ్చు, వారం రోజులు మాట్లాడకపోవచ్చు. భరించండి. పదిహేనేళ్లకి ఒకరు నచ్చడం, దాన్ని కాగితం మీద రాసుకోవడం ఆ వయసుకి సహజం. ‘నాది అంటూ ఏదీ లేదు’ అన్న మాటకి మాత్రం జవాబివ్వాలి. బీరువాలో ఒక అర, టేబులుకి తాళం పడే సొరుగు, ఆదివారం సాయంత్రం ఎవరూ ఏ పనీ చెప్పని రెండు గంటలు, ఇలాంటివి మీ చేతిలో ఉన్నవే.

తట్టకుండా తలుపు తీయాల్సిన రోజులూ ఉంటాయి. చేతుల మీద కోసుకున్న గాట్లు, చావు మాటలు, ఇష్టమైన వస్తువులు ఉన్నట్టుండి ఎవరికో ఇచ్చేయడం, తిండి మానేయడం, ఎక్కడివో తెలియని డబ్బు, కానుకలు. ఇవి కనిపిస్తే ప్రైవసీ పక్కన పెట్టి లోపలికి వెళ్లండి, పక్కన కూర్చోండి, సూటిగా అడగండి, వంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది. ఎవరైనా అసభ్యమైన ఫొటోలు అడిగినా, ఉన్నవి పెట్టి బెదిరించినా అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం), ఐటీ చట్టాల కింద నేరం, పోలీసులకి చెప్పాలి. అయితే ఆ మాట మీదాకా రావాలంటే తనకి ఒక హామీ కావాలి: ‘ఏం జరిగినా వచ్చి చెప్పు. ముందు తిట్టం, ఫోన్ లాక్కోం.’ ఫోన్ పోతుందన్న భయంతోనే పిల్లలు నెలల తరబడి బెదిరింపులు నోరు మూసుకుని భరిస్తారు.

ఒక్క మాట అడుగుతాను, నొచ్చుకోకండి. అబ్బాయి తలుపు వేసుకుంటే మీ ఇంట్లో ఎవరికీ టెన్షన్ రాలేదు. అమ్మాయి వేసుకుంటే స్క్రూడ్రైవర్ దాకా వచ్చింది. ఆ తేడా మీ అమ్మాయి గమనించలేదనుకోకండి. ఈసారి సెలవులకి మీ అబ్బాయి ఇంటికొచ్చినప్పుడు, రాత్రి పదిన్నరకి వాడి ఫోన్ కూడా హాల్లోకి తెప్పించండి.