హంపీ నవల రాస్తున్న మేనల్లుడికి

చి. నానికి మామయ్య దీవెనలు.

నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ రెండు రాత్రుల్లో చదివేశాను. వానలో తడిసిన హంపీ బజారు బాగా కుదిరింది. కానీ పెద్దన మనుచరిత్ర పూర్తిచేసి "ప్రచురణకు ఇచ్చాడు" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఎవరికి ఇచ్చాడురా? గోవాకే అచ్చుయంత్రం 1556లో వచ్చింది. తెలుగు పుస్తకం అచ్చయింది 1740ల్లో, అదీ జర్మనీలోని హాలే ఊళ్లో. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా.

అప్పట్లో కావ్యం బయటికి రావడమంటే కృతి ఇవ్వడమే, అంటే ఒకరికి అంకితం చెయ్యడమే. సభలో చదివి వినిపించాలి, అంకితం అందుకునే కృతిభర్త పుచ్చుకోవాలి. ఎవరికిచ్చారో తెలియాలంటే అవతారికలో, అంటే కావ్యం మొదట ఉండే పీఠికలో, షష్ఠ్యంతాలు చూడు; 'ఫలానావారికి' అంటూ సాగే పద్యాలవి. రాయలే కావ్యం రాస్తే ఇంకెవరికిస్తాడు, ఆముక్తమాల్యద వెంకటేశ్వరుడికిచ్చాడు. రాయల్టీ అంటావా, పెద్దన పద్యంలో రాయలు తనకిచ్చిన కోకట అగ్రహారం సంగతి ఉంది, చదువుకో.

పెద్దన పేర నోటినోటా నడిచే విడి పద్యం, ఇంకో చాటువు, నీకు బాగా పనికొస్తుంది. కృతి రాయాలంటే కప్పుర విడెం, ఉయ్యెల మంచం కావాలని అడిగి, చివర్న "లేఖక పాఠకోత్తముల్" కూడా దొరకాలంటాడు. అందరూ ఉయ్యెల దగ్గరే నవ్వుకుని వదిలేస్తారు. నువ్వు ఆ చివరి మాట పట్టుకో. రాసిపెట్టేవాడు ఒకడు, చదివి వినిపించేవాడు ఒకడు. నీ సీనులో వాళ్లిద్దరూ లేరు.

లేఖకుణ్ణి చూపించాలంటే ముందు నువ్వే తాటాకు మీద నాలుగు ముక్కలు రాసి చూడు. ప్రాచీన గ్రంథాల లైబ్రరీలో చేరిన కొత్తలో నేనూ రాశాను. గంటం, అదే ఆకు మీద గీసే ఇనప కలం, గట్టిగా నొక్కితే ఆకు చిరిగింది, మెల్లగా నొక్కితే గీతే పడలేదు. రాస్తున్నంతసేపూ ఏమీ సరిగ్గా కనబడదు. మసి, ఆకుపసరు కలిపి రుద్ది గుడ్డతో తుడిచాక అప్పుడు నల్లగా తేలుతుంది అక్షరం. నా మొదటి ఆకులో సగం తప్పులే.

మాటకీ మాటకీ ఎడం ఉండదు. పద్యం కూడా వచనంలాగే వరసగా సాగిపోతుంది. యతిప్రాసలు తెలిసినవాడికే పాదం ఎక్కడ తెగిందో అందుతుంది. నిద్రమత్తులో ఒక మాట వదిలేసిన లేఖకుడు గణం తప్పి దొరికిపోతాడు. గణం సరిపోయేలా సొంత మాట ఇరికించినవాడు మాత్రం ఎన్ని తరాలకీ దొరకడు. నీ నవలకి కావలసిన దొంగ వాడే!

ఇంకొకటి. అష్టదిగ్గజాలని ఎనిమిది మందినీ ఒకే బల్లమీద కూర్చోబెట్టకు. పింగళి సూరన, రామరాజభూషణుడు తర్వాతి తరం వాళ్లు. రామరాజభూషణుడి వసుచరిత్ర అందుకున్నది రాయల తర్వాత ఏలిన తిరుమలరాయలు.

నా గంటం బీరువాలోనే ఉంది. దసరాకి వచ్చినప్పుడు తీసుకెళ్లు. మొన జాగ్రత్త, మొన్న మీ అత్తయ్య వేలికి గుచ్చుకుంటే తిట్లు నాకు పడ్డాయి.

ఇట్లు,
మామయ్య