ఫోటోకి ఫ్రేమ్ కట్టించేటప్పుడు మౌంట్ వేయించాలా? షాపాయన దండగంటున్నాడు

వేయించండి. మౌంట్ అంటే ఫోటోకీ అద్దానికీ మధ్య పెట్టే, నడుమ కిటికీలా కోసిన అట్ట. దండగ అన్నాడంటే ఆయన దగ్గర మౌంట్ బోర్డు ఏటవాలుగా కోసే కట్టర్ లేదని నా అనుమానం. బెజవాడలో పటాలు కట్టేవాళ్లు చాలామంది ఫోటోని అద్దానికి ఆనించేసి, వెనక అట్ట పెట్టి మేకులు కొట్టి చేతికిచ్చేస్తారు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మా పిన్ని వాళ్లు ఇంటికి తాళం వేసి గుంటూరు వెళ్లిపోయారు. నీళ్లు తగ్గాక తలుపు తీస్తే గోడ మీద ఛాతీ ఎత్తున బురద చార. తాతయ్య పటం దానికి పైనే ఉంది, నీళ్లు తగల్లేదు. అయినా మూసిన ఇంట్లో చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. ప్రింటు మీద ఉండే జెలటిన్ పొర చెమ్మకి మెత్తబడి, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేస్తుంది. పక్కనే ఉన్న తమ్ముడి ఫోటోకి మౌంట్ ఉంది. బోర్డు వంకర్లు పోయింది గానీ ఫోటోకి ఏమీ కాలేదు. ఫోటోకీ అద్దానికీ మధ్య బోర్డు మందమంత ఎడం ఉంచడం, మౌంట్ చేసే పని అదీ.

షాపుకి తీసుకెళ్తే "బ్లేడుతో లేపేద్దాం సార్, ఏం కాదు" అన్నాడు. పిన్ని పటం వెనక్కి లాక్కుంది. తాతయ్యది ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోటోనే మరి.

చివరికి ఊడదీయకుండా అద్దం మీద నుంచే కెమెరాతో దానికి ఫోటో తీశాను. పటాన్ని కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి, ఫ్లాష్ ఆపేసి, కెమెరాని స్టాండు మీద బిగించాను. గ్రిడ్ గీతలు ఆన్ చేసి పటం అంచులు వాటికి సరిపెట్టాను. వేలు నొక్కిన అదురు పడకుండా 2 సెకన్ల టైమర్. అద్దంలో నా మొహమే కనిపిస్తుంటే పిన్ని కెమెరా వెనక నల్ల చీర పరిచి పట్టుకుంది. తాతయ్య పంచె, లాల్చీ, వెనక తెర అన్నీ తెలుపే. అలా వదిలేస్తే కెమెరా వాటిని బూడిద రంగు చేస్తుంది, అందుకని ఫోటో వెలుగుని పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టాను. ఈ బటన్లు దాదాపు ప్రతి కెమెరాలో ఉంటాయి, ముట్టుకునేవాళ్లు లేరు. అందరికీ మెగాపిక్సెళ్ల పిచ్చి. 12×18 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన వేసుకున్నా 20 మెగాపిక్సెళ్లు చాలు.

ఇంకా ఘోరం పెళ్లి ఫోటోలు. పెన్ డ్రైవ్ నిండా వేల ఫోటోలిస్తారు, గోడకి పెట్టుకుందామంటే ఒక్కదానికీ చుట్టూ చోటుండదు. మౌంట్ అన్ని వైపులా అంచుని కొద్దిగా కప్పుతుంది కదా, తీసేటప్పుడే తల పైన కాస్త ఖాళీ వదలాలి. పాత డిజిటల్ కెమెరా వేసిన నారింజ రంగు తేదీ మాత్రం మూలకి ఉంటే మౌంట్ కింద దాక్కుంటుంది, అదొక లాభం.

యాసిడ్ ఫ్రీ బోర్డు అడగండి, మామూలు అట్ట కొన్నాళ్లకి పసుపెక్కి ఫోటోకీ అంటిస్తుంది. మిగతా వైపుల కన్నా కింద అంచు కొంచెం వెడల్పుగా కోయమనండి. "వంకరగా ఉంటుంది సార్" అని వాదిస్తే ఇంకో షాపు చూసుకోండి.